సగం మాత్ర: పిల్లల పేగుజబ్బులకు మందులు వచ్చిన దారి



ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఒక తల్లి ఫోన్ చేసింది. ఖమ్మం వైపు నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన కుటుంబం. వాళ్ళ పన్నెండేళ్ళ అబ్బాయికి క్రోన్స్ జబ్బని తేలి రెండు నెలలయింది. ఆసుపత్రిలో డాక్టరు, చికిత్సతో పాటు ఒక క్లినికల్ ట్రయల్ గురించి కూడా చెప్పి, ఇరవై పైచిలుకు పేజీల కాగితాల కట్ట చేతికిచ్చి, ఇంటికెళ్ళి చదువుకుని రమ్మన్నాడట. ఆ సంగతి ఊళ్ళో తెలిసింది. మేనత్త ఫోన్ చేసి, "పిలగాణ్ణి ప్రయోగానికి ఇస్తరా? గింత చదువుకుని గిదేం పనే?" అని ఏడ్చిందట. చెప్పడం ముగించి ఆ అమ్మాయి, "మీరైతే సంతకం పెడతారా, అక్కా?" అని అడిగింది.

నేను పాతికేళ్ళకు పైగా పిల్లల ఆసుపత్రుల మందుల గదుల్లో ఫార్మసిస్టుగా పనిచేసినదాన్ని. పెడతాననో, పెట్టననో చెప్పడం నా పని కాదు. కానీ ఆ ప్రశ్న వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. ఫోన్లో ఆమెకు చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

ముందు జబ్బు సంగతి రెండు ముక్కల్లో. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పేగు మీదికి తిరగబడి పుండ్లు పుట్టించే జబ్బులివి. పెద్దపేగుకే పరిమితమయితే అల్సరేటివ్ కోలైటిస్ అంటారు. నోటి నుంచి ఆసనం దాకా ఎక్కడైనా రాగలిగితే అది క్రోన్స్. రెండింటినీ కలిపి ఐ.బి.డి. అంటారు. ఒత్తిడికి కడుపు గడబిడగా ఉండే ఐ.బి.ఎస్. వేరు, ఇది వేరు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి ఇరవై ఏళ్ళ లోపే మొదలవుతుంది. విరేచనాల్లో నెత్తురు, కడుపునొప్పి, బరువు తగ్గడం అందరికీ ఉండేవే. పిల్లల విషయంలో ఇంకొకటి ఉంది, ఎదుగుదల ఆగిపోతుంది. కొందరిలో కడుపునొప్పి కంటే ముందు కనిపించేది అదే. ఏడాది కిందటి ప్యాంటు ఇంకా సరిపోతూ ఉంటుంది. మన ఇళ్ళల్లో "బయట తిండి పడలేదు", "దిష్టి తగిలింది", "వామునీళ్ళు పట్టండి" అనుకుంటూ ఆర్నెల్లు గడిపేయడం నేను చాలాసార్లు చూశాను.

1913లో గ్లాస్గో సర్జన్ థామస్ కెనెడీ డాల్జీల్ ఇలాంటి రోగులు తొమ్మండుగురి గురించి రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనై ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు పద్నాలుగు మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రచురించారు. పేర్లు అక్షరక్రమంలో వేశారు కాబట్టి ముందున్న క్రోన్ పేరు జబ్బుకి స్థిరపడిపోయింది. లేకపోతే మనం ఇవాళ గింజ్‌బర్గ్ జబ్బు అని నోరు తిప్పుకోవలసి వచ్చేది. ఆ వ్యాసం దీన్ని ముఖ్యంగా పడుచువాళ్ళకి వచ్చే జబ్బుగా వర్ణించింది. పసిపిల్లల ఊసు లేదు.

మందుల పరీక్షలు కూడా పెద్దవాళ్ళతోనే మొదలయ్యాయి. ఆక్స్‌ఫర్డులో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు కోలైటిస్ ఉన్న 210 మంది మీద కార్టిజోన్ పరీక్షించి, 1955లో పూర్తి ఫలితాలు ప్రకటించారు. చీట్లు తీసినట్టుగా కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఆరు వారాలకి, అసలు మందు తిన్నవాళ్ళలో నూటికి సుమారు 41 మంది తేరుకుంటే, రెండో గుంపులో 16 మందే తేరుకున్నారు. చీటీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. డాక్టరు తనకు నచ్చిన రోగికి మందిస్తే, బాగుపడింది మందు వల్లో, తేలికపాటి రోగిని ఎంచుకున్నందువల్లో తేలదు. చీటీకి పక్షపాతం ఉండదు, అంతే. ఆ తర్వాత అమెరికాలో 569 మంది క్రోన్స్ రోగులతో జరిగిన పెద్ద జాతీయ అధ్యయనం ఫలితాలు 1979లో వచ్చాయి. అదీ పెద్దల కోసం చేసినదే.

మరి పిల్లలు ఏమయ్యారు? ఇక్కడొక విచిత్రం ఉంది. అమెరికా మందుల చట్టాలు గట్టిపడింది చాలావరకు పిల్లలు చనిపోయినందువల్లే. 1937లో సల్ఫా మందుని ఒక విషపు ద్రావకంలో కలిపి తియ్యటి సిరప్‌గా అమ్మితే, వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది పసివాళ్ళు. దాంతో 1938 చట్టం వచ్చింది. తర్వాత థాలిడోమైడ్ వల్ల ఎన్నో దేశాల్లో చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని శిశువులు పుట్టారు. దాంతో 1962 చట్టం వచ్చింది. మందు పనిచేస్తుందని పరీక్షలతో నిరూపించాలని ఆ చట్టం చెప్పింది. కంపెనీలు పెద్దవాళ్ళ మీద నిరూపించి, సీసా మీద "పిల్లల్లో తగినంత పరిశోధన జరగలేదు, పిల్లలకు వాడరాదు" అని ఒక వాక్యం అచ్చువేసి ఊరుకున్నాయి. పిల్లల కోసమని తెచ్చిన చట్టం పిల్లలకు దక్కకుండా పోయింది. హ్యారీ షర్కీ అనే వైద్యుడు 1960ల్లో పిల్లల్ని వైద్యానికి నోచుకోని అనాథలన్నాడు.

వాడరాదని రాసినంత మాత్రాన వాడకుండా ఉంటారా? కళ్ళముందు పిల్లవాడు నెత్తురు కక్కుతుంటే డాక్టరు ఏదో ఒకటి ఇవ్వాలిగా. అక్కడే నా బల్ల దగ్గరికి చీటీ వచ్చేది. ఈ జబ్బుకు వాడే 6-మెర్కాప్టోప్యూరిన్ 50 మిల్లీగ్రాముల మాత్రగా దొరికేది. పిల్లవాడి బరువుకు లెక్కవేస్తే 37 వస్తుంది. అప్పుడు ఒకరోజు సగం మాత్ర, మర్నాడు ఒక మాత్ర. సగానికి విరిస్తే రెండు ముక్కలూ సమానంగా రావు, పొడి రాలిపోతుంది. ఆ మందు కణాల మీద పనిచేసేది, కాబట్టి ఒట్టి చేతులతో ముట్టకూడదని తల్లికి చెప్పాలి. ఆ సగం మాత్ర ఆ పిల్లవాడికి ఎక్కువో తక్కువో చెప్పే పరీక్ష ఏదీ జరగలేదు. ఒక రకంగా అదీ ప్రయోగమే. కాకపోతే దాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. ఒక ఊళ్ళో ఒక పిల్లవాడికి ఏం జరిగిందో పక్క ఊరి డాక్టరుకి తెలియదు. ఆ అమ్మాయితో నేను ముందు చెప్పింది ఈ మాటే.

పిల్లల మీద పరీక్షలంటే జంకడానికి సరైన కారణాలు లేకపోలేదు. న్యూయార్కు రాష్ట్రంలో విల్లోబ్రూక్ అనే, మానసిక వైకల్యం ఉన్న పిల్లల వసతి సంస్థలో 1950ల నడిమి నుంచి 1970 దాకా పిల్లలకు కావాలని కామెర్ల వైరస్ ఎక్కించి పరిశోధన చేశారు. తల్లిదండ్రుల సంతకాలు ఉన్నాయి. కానీ చోటు దొరకని ఆ సంస్థలో పరిశోధన వార్డు ద్వారానే పిల్లవాడికి చోటు దొరికే పరిస్థితిలో పెట్టిన సంతకానికి ఏం విలువ? ఇలాంటివన్నీ బయటపడ్డాక, పిల్లల మీద పరిశోధనకు 1983లో ప్రత్యేక ఫెడరల్ నిబంధనలు వచ్చాయి. తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, అర్థం చేసుకోగల వయసుంటే పిల్లవాడి ఒప్పుకోలు కూడా అడగాలి. చాలా ఆసుపత్రుల్లో ఏడేళ్ళ నుంచే అడుగుతారు.

ఇక పరీక్షలు చేద్దామన్నా ఇంకో చిక్కు వచ్చింది. మందు పనిచేసిందని దేన్నిబట్టి చెప్పాలి? పెద్దల క్రోన్స్ కొలమానం ప్రకారం రోగి వారం రోజులు డైరీ రాయాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఏం రాస్తాడు? పైగా పెద్దవాళ్ళ లెక్కలో ఎదుగుదల ఉండదు. 1991లో జెఫ్రీ హయమ్స్, ఆయన సహచరులు పిల్లల కోసం వేరే కొలమానం తయారుచేశారు. అందులో నొప్పి, విరేచనాలు, రక్తపరీక్షలతో పాటు బరువూ ఎత్తూ చేర్చారు. ఎత్తు పెరగకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది. 2007లో డాన్ టర్నర్ బృందం కోలైటిస్‌కి ఇంకా సులువైనది ఇచ్చింది. నొప్పి ఎంత, నెత్తురు ఎంత, విరేచనం గట్టిగా ఉందా లేదా, ఎన్నిసార్లు, రాత్రి లేవవలసి వచ్చిందా, ఆడుకుంటున్నాడా అని ఆరే ప్రశ్నలు. సూది లేదు, గొట్టం లేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన పని ఇది. మందు కనిపెట్టినవాళ్ళకి పేరొస్తుంది, కొలబద్ద తయారుచేసినవాళ్ళని ఎవరూ తలచుకోరు.

కొలబద్ద దొరికాక పరీక్షలు రావడం మొదలయింది. 2000లో మార్కోవిట్జ్ బృందం, కొత్తగా క్రోన్స్ తేలిన 55 మంది పిల్లల ఫలితాలు ప్రకటించింది. అందరికీ స్టెరాయిడ్ ఇచ్చారు. దాంతోపాటు సగం మందికి నేను చెప్పిన ఆ మెర్కాప్టోప్యూరిన్, మిగిలినవాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. రెండు గుంపుల్లోనూ నూటికి 89 మంది తేరుకున్నారు. తేడా తర్వాత కనిపించింది. మందు తిన్నవాళ్ళలో నూటికి 9 మందికే జబ్బు తిరగబెట్టింది, తిననివాళ్ళలో 47 మందికి తిరగబెట్టింది. స్టెరాయిడ్ల వల్ల మొహం ఉబ్బి, ఎత్తు ఆగిపోయి, బడికి వెళ్ళనని తలుపేసుకునే పిల్లల్ని చూసినవాళ్ళకి ఆ అంకెల విలువ తెలుస్తుంది.

ప్రభుత్వం బెల్లమూ, కర్రా రెండూ వాడింది. పిల్లల్లో పరీక్ష చేసిన కంపెనీకి ఆరు నెలలు అదనపు గుత్తహక్కు ఇస్తూ 1997లో చట్టం తెచ్చింది. కొత్త మందులను పిల్లల్లోనూ పరీక్షించి తీరాలని 2003లో ఇంకో చట్టం తెచ్చింది. యూరప్‌లో అలాంటి నిబంధన 2007లో అమలులోకి వచ్చింది. అయినా ఆలస్యం పోలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను పెద్దల క్రోన్స్‌కి 1998లో అనుమతించారు, పిల్లలకు 2006లో. అడాలిముమాబ్ పెద్దలకు 2007లో వస్తే పిల్లలకు 2014లో వచ్చింది. ఏడెనిమిదేళ్ళంటే, పదేళ్ళప్పుడు జబ్బు పడిన పిల్లవాడు మీసాలొచ్చి కాలేజీకి వెళ్ళిపోతాడు. ఎదిగే వయసు మళ్ళీ రాదు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని పిల్లలకు తెచ్చిన పరీక్ష పేరు రీచ్. 112 మంది పిల్లలు. ఉత్తుత్తి మందు ఎవరికీ లేదు. అందరికీ మొదట మూడు మోతాదులు అసలు మందే ఎక్కించారు. పదో వారానికి నూటికి 88 మందిలో గుణం కనిపించింది. చీటీ అప్పుడు తీశారు. ఎనిమిది వారాలకోసారి ఇవ్వాలా, పన్నెండు వారాలకోసారి ఇవ్వాలా అని. ఏడాది తిరిగేసరికి ఎనిమిది వారాల గుంపులో సగానికి పైగా నిమ్మళంగా ఉన్నారు, రెండో గుంపులో నాలుగో వంతు మందే. ఫోన్ చేసిన అమ్మాయికి ఈ సంగతి చెబితే, "అంటే మావాడికి పంచదార మాత్ర ఇవ్వరా?" అంది. కాగితాలు తీసి చూడమన్నాను. వాళ్ళ కాగితాల్లో ఉన్నదీ ఇలాంటిదే. మందు అందరికీ ఒకటే, మోతాదులోనే చీటీ.

ఉత్తుత్తి మందు ఎప్పుడూ ఉండదని నేననడం లేదు. దానిమీద పెద్ద వాదమే నడిచింది. పనిచేసే మందు ఉందని తెలిసీ పిల్లవాడికి ఖాళీ మందు ఇవ్వడం తగదని పిల్లల వైద్యులు గట్టిగా అన్నారు. పోల్చడానికి అదీ లేకపోతే నిజం తేలదని మందుల శాఖల వాదన. పిల్లల కోలైటిస్‌కి అడాలిముమాబ్ పరీక్షలో ఆ గుంపును మధ్యలోనే ఆపేశారు. 2023లో వచ్చిన కంబైన్ అనే పరీక్షలో తెలివైన పద్ధతి పాటించారు. 297 మంది పిల్లలందరికీ ఈ సూదిమందుల్లో ఒకటి ఇచ్చారు. దానికి తోడు చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ కలిపితే మేలా కాదా అన్నంతవరకే చీటీ. అడాలిముమాబ్‌కి కలిపితే మేలు జరిగింది, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి కలిపితే తేడా కనిపించలేదు.

కలపడం గురించి అంత పట్టింపు ఎందుకంటే దాని వెనక ఒక భయం ఉంది. సూదిమందు, మెర్కాప్టోప్యూరిన్ జాతి మందు రెండూ కలిపి వాడినవాళ్ళలో, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, చాలా అరుదైన, ప్రాణాంతకమైన ఒక రకం లింఫోమా కనిపించింది. 2006లోనే సీసా మీద హెచ్చరిక వేశారు. 112 మంది పిల్లల పరీక్షలో ఇలాంటి అరుదైన ప్రమాదం బయటపడదు. దానికి ఏళ్ళ తరబడి వేలమందిని గమనించాలి. డెవలప్ అనే నమోదు అధ్యయనం 5,766 మంది పిల్లల్ని గమనించి 2017లో ఫలితాలు చెప్పింది. క్యాన్సర్ వచ్చిన 15 మందిలో 13 మంది మెర్కాప్టోప్యూరిన్ జాతి మందు వాడినవాళ్ళే. సూదిమందు వల్ల ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. ఇన్నేళ్ళూ మనం భయపడింది ఎక్కువగా సూదిని చూసి, మాత్రని చూసి కాదు.

మందు కాని చికిత్సకూ పరీక్ష జరిగింది, మన తల్లులకి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. 2006లో ఇటలీలో బొరెల్లి బృందం 37 మంది క్రోన్స్ పిల్లల్లో కొందరికి స్టెరాయిడ్, కొందరికి పది వారాలు పాలలాంటి పోషక ద్రవం మాత్రమే ఇచ్చింది. ద్రవం తాగినవాళ్ళలో నూటికి 79 మంది తేరుకున్నారు, స్టెరాయిడ్ గుంపులో 67. లోపల పేగు మానడం చూస్తే 74, 33. పది వారాలు అన్నం, పప్పు, చారు ఏమీ లేవు! "బిడ్డని పస్తు పెడతారా" అని ఒక అమ్మమ్మ నా మీద కేకలేసింది. ఆమె తప్పేం లేదు. అన్నం పెట్టకుండా పిల్లవాణ్ణి బాగుచేయడం అనేది మన చేతికి అలవాటైన పని కాదు.

మళ్ళీ మేనత్త దగ్గరికి వస్తాను. ఆమె భయాన్ని నేను కొట్టిపారెయ్యలేను. ఎందుకంటే ఆమెది ఖమ్మం. 2009లో అక్కడ, అంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే కార్యక్రమం జరిగింది. గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ అనుమతి పత్రాల సంగతి అలా లేదు. వసతి గృహాల్లో ఉండే గిరిజన బాలికల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఇది పరీక్ష కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్న వాదనని కూడా ఒప్పుకోలేదు. కాబట్టి ఖమ్మంలో "ప్రయోగం" అన్నమాట వింటే ఒక పెద్దావిడకి ఏడుపొచ్చిందంటే అది అమాయకత్వం కాదు, జ్ఞాపకం.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. ఇంగ్లండులో లెస్టర్ ఊళ్ళో స్థిరపడిన దక్షిణాసియా వాళ్ళకి కోలైటిస్ అక్కడి తెల్లవాళ్ళకంటే ఎక్కువగా వస్తోందని 1990ల్లోనే గమనించారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా పిల్లల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, దక్షిణాసియా పిల్లలకు ఐ.బి.డి. వచ్చే రేటు మిగతా పిల్లలకంటే సుమారు మూడు రెట్లుంది. అక్కడి మనవాళ్ళలో పంజాబీలే ఎక్కువ, నిజమే. అయినా సముద్రం దాటిన కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు ఈ జబ్బు కొత్తగా పట్టుకుంటోందన్నది స్పష్టం. కానీ నేను చెప్పిన పరీక్షల్లో పాల్గొన్నవాళ్ళలో అత్యధికులు తెల్లపిల్లలు. మనవాళ్ళు ఉన్నా చైనా, కొరియా, ఇండియా అన్నీ కలిపి "ఏషియన్" అనే ఒకే గడిలో పడతారు.

దానివల్ల నష్టం ఏమిటంటారా? మెర్కాప్టోప్యూరిన్ కొందరిలో తెల్లరక్తకణాల్ని ప్రమాదకరంగా తగ్గించేస్తుంది. ఎవరిలో అలా జరుగుతుందో ముందే చెప్పడానికి చాలాకాలం టి.పి.ఎం.టి. అనే పరీక్షే చేసేవారు. యూరప్ వాళ్ళకి అది బాగా సరిపోయింది. ఆసియా వాళ్ళలో ఆ పరీక్ష మామూలుగా వచ్చినా కణాలు పడిపోయేవి. 2014లో కొరియా శాస్త్రజ్ఞులు ఎన్.యు.డి.టి.15 అనే ఇంకో జన్యువులో కారణం కనిపెట్టారు. ఆ మార్పు భారతీయుల్లోనూ ఉంది. ఆసియా రోగుల్ని విడిగా చూసేదాకా అది దొరకలేదు. క్షయ సంగతి కూడా ఇలాంటిదే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్ళలో లోపల నిద్రపోతున్న క్షయ లేస్తోందని 2001లో 70 మంది వివరాలతో బయటపడింది. అప్పటినుంచి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి అయింది. ఇండియాలో పుట్టి బి.సి.జి. వేయించుకున్న పిల్లలకు చర్మపరీక్షలో ఉత్తినే వాపు రావచ్చు, కాబట్టి రక్తపరీక్ష అడగండి. సెలవుల్లో తాతగారింటికి వెళ్ళొచ్చిన సంగతి, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. సిగ్గుపడే విషయం కాదది.

ఇదంతా విని ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒప్పుకోకపోతే డాక్టరు మమ్మల్ని సరిగా చూడడేమో అక్కా" అంది. అసలు భయం అదన్నమాట. ఒప్పుకోకపోయినా మామూలు చికిత్స ఆగదని, మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చని కాగితంలో ఎక్కడ రాసుందో వెతికించి, ఆ వాక్యం పైకి చదివించాను. అడగాల్సినవి కూడా చెప్పాను. అదనపు సూదులు ఎన్ని, అదనపు కొలనోస్కోపీ ఉందా, ఏదైనా హాని జరిగితే ఖర్చెవరిది, పరీక్ష అయిపోయాక మందు దొరుకుతుందా, ఇన్సూరెన్సు దేనికి ఇస్తుంది. ముఖ్యంగా పిల్లవాణ్ణి గదిలో ఉంచి మాట్లాడమన్నాను. మనం పిల్లల్ని బయటికి పంపి మాట్లాడుకుంటాం, ప్రేమతోనే.

పదిరోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసింది. అబ్బాయి డాక్టర్ని సాకర్ ఆడొచ్చా అని అడిగాడట, స్కూల్లో ఎవరికైనా తెలుస్తుందా అని అడిగాడట. మందుకి సరేనన్నాడు. భవిష్యత్తు పరిశోధనకని అదనంగా రక్తం తీసి దాచుకుంటామన్న పేజీ దగ్గర మాత్రం "నో" అన్నాడు. సూదులంటే వాడికి మంట. వాళ్ళు అలాగే అని ఆ గడి ఖాళీగా వదిలేశారు. ముందు వాడు, తర్వాత తల్లీ తండ్రీ సంతకాలు పెట్టారు.

ఖమ్మంలో మేనత్త అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరు పెట్టిన్రు దస్కతు?" అని. చెప్పారు. "పిలగాడే పెట్టిండా?" అని రెండుసార్లు అడిగిందట.

మీ ప్రశ్నలేవైనా ఉంటే కార్యక్రమం వాళ్ళకి రాయండి, వచ్చే నెల జవాబులు చెబుతాను.